దిద్దని సాక్ష్యం

న్యూజిలాండ్‌లో పాపకూర అనే ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాలులో కూడేది. పాటలయ్యాక, వాక్యానికి, అంటే పాస్టర్‌గారి ప్రసంగానికి ముందు సాక్ష్యాలుండేవి. ఎవరో ఒకరు లేచి, మైకు పట్టుకుని, దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. దానికొక వరస ఉంది. ముందు చీకటి, తర్వాత కన్నీళ్ళు, ఆ తర్వాత వెలుగు, చివర్న అందరూ కలిసి ఆమెన్. ఆ వరస తప్పితే వినేవాళ్ళు కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతారు. గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి కాబట్టి, కొత్తగా సాక్ష్యం చెప్పబోయే వాళ్ళని పాస్టర్‌గారు నా దగ్గరికి పంపేవారు. నేను వాళ్ళ కథ విని, దిద్ది, కుదించి ఇచ్చేవాణ్ణి. వీసా బాధలు మరీ ఎక్కువైతే తగ్గించేవాణ్ణి. మొగుడి తాగుడు సంగతి వస్తే 'కుటుంబ సమస్యలు' అని మార్చేవాణ్ణి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. నిజం చెప్పాలంటే ఆ దేశంలో నాకున్న మంచి పేరు అదొక్కటే.

మా ఆవిడ నర్సు. ఆమెకు ఉద్యోగం వచ్చి న్యూజిలాండ్ వచ్చాం, ఆమె వీసా వెనకాల నేనూ వచ్చాను. వృద్ధుల కేర్ హోమ్‌లో ఆమె డ్యూటీలు చేస్తుంటే, నేను గోడౌన్లో అట్టపెట్టెలకు టేపు వేశాను. ఇల్లు ఆమె జీతం మీద నడిచేది. కారు కూడా ఆమే నడిపేది, నాకింకా లైసెన్సు రాలేదు. సంఘంలో మగవాళ్ళు కరచాలనం చేస్తూ, "వందనాలు బ్రదర్! ఇంట్లో సిస్టర్ గవర్నమెంటేగా?" అని నవ్వేవారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వేవాణ్ణి. లోపల ఒళ్ళు మండిపోయేది. ఆ మంట ఎవరి మీదో నాకు తెలుసు, కానీ ఆ సంగతి నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఈ దశాబ్దం మధ్యలో నాకు, రైలెక్కి వెళ్ళాల్సిన హెండర్సన్ అనే పేటలో వారానికి కొన్ని గంటల పని దొరికింది. ఆ ప్రాంతంలో బతుకులు గడిపిన శ్రామికుల మాటల్ని రికార్డు చేసి దాచే చిన్న సంస్థ అది. లైబ్రరీ పక్కన రెండు గదులు, ఒక మేనేజరమ్మ, నేను. పళ్ళతోటల వాళ్ళు, ద్రాక్ష పండించినవాళ్ళు, ఇటుకల బట్టీలో పనిచేసిన ముసలాయన, అందరి ఇళ్ళకీ వెళ్ళి మైకు పెట్టి కూర్చునేవాణ్ణి. తర్వాత రికార్డింగ్‌కి ఒక పేజీ సారాంశం రాయాలి. చెప్పినవాళ్ళు అది చదివి సరేనంటేనే రికార్డింగ్ దాచిపెడతాం, లేకపోతే చెరిపేస్తాం. సాక్ష్యాలు దిద్దిన చేతికి అది పెద్ద కష్టమనిపించలేదు.

ఒకరోజు మేనేజరమ్మ టీ కప్పుతో నా బల్ల దగ్గరికి వచ్చింది. "హెండర్సన్‌లోనే ఒకావిడ ఉంది. తనంతట తనే అడిగింది. గొంతులో గడ్డ. కొద్ది రోజుల్లో ఆపరేషన్, తర్వాత మాట ఉంటుందో లేదో డాక్టర్లు చెప్పలేమన్నారట. ముందే చెప్పేస్తానంటోంది," అంది.

"ఏం పని చేసేవారు?" అని అడిగాను.

"డామినేట్రిక్స్," అంది, ఇటుకల బట్టీ అన్నంత మామూలుగా.

నాకు సగం అర్థమైంది, మిగతా సగం ఆఫీసు కంప్యూటర్లో వెతికి చూసి, వెతికిన ఆనవాలు చెరిపేశాను. తమ మీద అధికారం చేయమని, ఆజ్ఞాపించమని, కొన్నిసార్లు దండించమని కూడా మగవాళ్ళు అడిగి, డబ్బిచ్చి వస్తే, దాన్నొక వృత్తిగా చేసే ఆడవాళ్ళని అలా అంటారు. మా భాషలో దానికి మాట లేదు. లేనందుకు ఆ రోజు సంతోషించాను. ఇంటికెళ్ళాక మా ఆవిడ, "ఇప్పుడెవరిది రికార్డింగు?" అని అడిగితే, గుర్రాల సామాను దుకాణం నడిపినావిడ అని చెప్పాను. ఏ మూల నుంచి తట్టిందో ఆ అబద్ధం, ఇప్పటికీ తలుచుకుంటే మొహం వేడెక్కుతుంది.

చరిత్ర మేష్టారి బుద్ధి ఊరుకోదు కదా, ఆ వారమంతా చదివాను. ఇది నిన్న మొన్నటి వృత్తి కాదు. రెండు వందల ఏళ్ళ కిందటే లండన్‌లో ఇలాంటి ఇళ్ళుండేవి, పెద్దమనుషులు వాటికి వెళ్ళేవారు. రాతలకు కొదవలేదు. వెళ్ళినవాళ్ళు తమ కలల్ని కలిపి రాసుకున్నారు. పోలీసులు రాశారు, కోర్టు గుమాస్తాలు రాశారు. వైద్యులు దాన్నొక జబ్బుగా రాశారు. పత్రికలు ఒక పేజీలో తిట్టి, వెనక పేజీలో వాళ్ళ చిన్న ప్రకటనలు వేసి డబ్బు చేసుకున్నాయి. ఇన్ని రాతల్లో ఆ ఆడవాళ్ళు స్వయంగా చెప్పిన మాటలు మాత్రం చారెడు కూడా లేవు. అలాంటిచోట ఒకావిడ తనంతట తను మాట్లాడతానంటోందంటే దాని విలువ నాకు బాగా తెలుసు. తెలిసి కూడా అంత పని చేశాను.

హెండర్సన్‌లో పెద్దరోడ్డు వెనక చిన్న ఇల్లు. భయపడుతూ తలుపు కొట్టాను. మా మేనత్త వయసున్న ఆవిడ తీసింది. ఉన్ని స్వెటరు, మెడకు స్కార్ఫు, తాడుకు వేలాడే కళ్ళజోడు. గొంతు అప్పటికే బొంగురు. బల్ల మీద గిన్నెనిండా జామకాయల్లాంటి ఫీజోవా పళ్ళున్నాయి, ఇంటి వెనక చెట్టువట. ఒకటి కోసి చెంచాతో సహా నా చేతిలో పెట్టి, "ముందు తిను, తర్వాత సిగ్గుపడుదువుగాని," అంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో.

ఆవిడ మొదట ఆసుపత్రిలో వార్డు సిస్టర్, అంటే వార్డంతా చూసుకునే పెద్ద నర్సు. "ఆ గొంతు నాకక్కడే వచ్చింది," అంది. "పడుకో అంటే పడుకోవాలి, మింగు అంటే మింగాలి. ఎంత పెద్ద మనిషైనా గౌను కట్టుకుని మంచమ్మీద పడుకుంటే మాట వింటాడు. కొంతమందికి అది హాయిగా ఉంటుందని అక్కడే కనిపెట్టాను. డాక్టర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డం విసుగొచ్చి మానేశాను. నా పనిముట్టు గొంతే. కొరడా ఎక్కువగా గోడకే వేలాడేది."

వచ్చినవాణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చేదట. ఏం కావాలో నోరు తెరిచి చెప్పాలి. చెప్పలేనివాణ్ణి ఇంటికి పంపేసేది, చెప్పగలిగినప్పుడు రమ్మని. సగం మందికి ఆ కుర్చీలోనే కళ్ళనీళ్ళు వచ్చేవట. తర్వాత ఒక మాట అనుకునేవారు. ఆ మాట అతను అన్నాడంటే, ఏం జరుగుతున్నా ఆ క్షణమే ఆగిపోవాలి. అతను వెళ్ళాక గదంతా మందునీళ్ళతో తుడవడం, అది మాత్రం వార్డు పనే. "ఒక పెద్ద ఆఫీసరు నా వంటింటి నేల తుడవడానికే వచ్చేవాడు. డబ్బిచ్చి మరీ తుడిచేవాడు. బాగా తుడిచేవాడు కాదు," అని నవ్వి దగ్గింది.

నేను నవ్వలేకపోయాను. ఆ పొద్దున నైట్ డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడ నిద్రపోతుంటే, మా వంటింటి నేల తుడిచి, ఆమె యూనిఫారం ఇస్త్రీ చేసి బయల్దేరాను.

ఆ రోజుల కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవంది. చట్టం మారి ఆ వృత్తి నేరం కాకుండా పోయేదాకా, ఏది రాసిపెట్టుకున్నా పోలీసులకు ఆధారమే. అందుకని ఎవరూ ఏదీ రాసుకోలేదు. స్నేహితురాళ్ళలో కొందరు పోయారు, వాళ్ళతోపాటే వాళ్ళకు తెలిసిందీ పోయింది. "నేను కూడా పోతే మిగిలేది పోలీసులు రాసింది, మగవాళ్ళు ఊహించుకున్నదీ. అందుకే నిన్ను పిలిచాను," అంది.

అప్పుడు ప్రశ్నల కాగితంలో లేని ప్రశ్న ఒకటి నా నోట్లోంచి వచ్చింది. "మగవాళ్ళ మీద పెత్తనం చేస్తూ బతకడం మీకు సిగ్గనిపించలేదా?" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే హెచ్చుగా వచ్చింది.

ఆవిడకు కోపం రాలేదు. కళ్ళజోడు పెట్టుకుని నన్ను బాగా చూసింది. "ఈ కోపం ఎవరి మీద, బాబూ?" అంది.

బ్యాటరీ అయిపోయిందని చెప్పి మిషను ఆపేశాను. బ్యాటరీ నిండుగానే ఉంది.

ఆఫీసుకొచ్చి నేను చేసిన మొదటి పని ఆ చివరి ముక్క కోసేయడం. రెండోది సారాంశం రాయడం. 'క్లిష్ట పరిస్థితుల్లో ఈ వృత్తిలోకి వచ్చి, ఎన్నో అవమానాలు భరించి, చివరకు దాన్ని విడిచి ప్రశాంత జీవితం గడుపుతున్న ఒక స్త్రీ' అని మొదలుపెట్టాను. ఆవిడ చీకటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, అది నేను పెట్టాను. వెలుగు కూడా నేనే పెట్టాను. ఆవిడకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను, అదే అన్నిటికంటే సిగ్గుచేటు.

ఆవిడ ఆఫీసుకు వచ్చి, మేనేజరమ్మ ఎదురుగా, ఆ కాగితం పైకి చదివింది. బొంగురు గొంతుతో నెమ్మదిగా, ప్రతి వాక్యం దగ్గరా ఆగుతూ. చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"మంచి మనిషిలా ఉంది ఈవిడ. పాపం, చాలా కష్టాలు పడింది. కానీ నాకు పరిచయం లేదు," అంది. తర్వాత నావైపు తిరిగి, "అవమానాలు భరించానని నీతో అన్నానా?" అని అడిగింది.

"లేదండి."

"విడిచిపెట్టానన్నానా?"

"మోకాళ్ళ నొప్పులకి రిటైరయ్యానన్నారు."

"నా గురించి ఉన్న రాతలన్నీ నన్ను పట్టుకోడానికో, నా మీద జాలిపడ్డానికో రాసినవే. నువ్వింకోటి కలిపావు. చెరిపేయండి," అని మేనేజరమ్మతో చెప్పి లేచింది.

మేనేజరమ్మ ఆ కాగితం నా చేతికిచ్చి తన గదిలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వచ్చే మంగళవారమే ఆపరేషను. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు, ఆ మిషన్లో తప్ప. ఇన్నేళ్ళలో వినపడని మనుషుల్లో ఒకరు మాట్లాడితే, నేను మధ్యలో కూర్చుని నోరు మూశాను. పాపకూర రైల్లో ఇంటికెళ్తుంటే నేను దిద్దిన సాక్ష్యాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కేర్ హోమ్‌లో పనిచేసే మా సంఘం సిస్టరు ఒకామె తన మొగుడి గురించి చెబుతూ, "నేనైతే క్షమించలేదు బ్రదర్," అంది. 'దేవుడు నాకు క్షమించే మనసిచ్చాడు' అని నేను రాసిచ్చాను. ఆమె కాసేపు ఆ కాగితం వంక చూసింది. ఆదివారం మైకు పట్టుకుని అలాగే చదివింది. అందరం ఆమెన్ అన్నాం.

మర్నాడు హెండర్సన్ వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. గుమ్మంలోనే, "తప్పు చేశానండి. ఇంకా చెరపలేదు. కోసేసిన ముక్క కూడా ఉంది. ఇంకొక్క అవకాశం ఇవ్వండి," అన్నాను. బతిమాలాను. ఆవిడ చాలాసేపు నిలబెట్టింది. తర్వాత లోపలికి పిలిచి, ఒక కుర్చీ చూపించింది.

"ఈసారి నా పద్ధతిలో. నేను చెప్పేది నేను చెప్తాను, నువ్వు అడిగేది నువ్వడుగు, మధ్యలో నేనూ అడుగుతాను. ఏదీ కొయ్యకూడదు. నీ పాత ప్రశ్న కూడా ఉండాలి. నీకు మరీ కష్టమైతే కుమరా అను, ఆపేస్తాను," అంది. కుమరా అంటే అక్కడి చిలగడదుంప. ఆవిడ గదిలో అందరికీ అదే మాటట. ఎంత ఆవేశంలో ఉన్నవాడైనా పొరపాటున ఆ మాట అనడు కాబట్టి అది పెట్టుకుందట.

ఆ మధ్యాహ్నం ఆవిడ తన గది ఎలా ఉండేదో చెప్పింది. ఆ వృత్తిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి పని నేర్పినప్పుడు మొట్టమొదట కట్లు విప్పడం నేర్పానని, కట్టడం తర్వాతని చెప్పింది. చట్టం మారిన రోజున, పోలీసుల భయంతో వీధి తలుపుకు పెట్టించిన రెండో గొళ్ళెం పీకేశానని చెప్పింది. ఒకసారి ఎవరినైనా నొప్పించానా అని తనకు తనే ప్రశ్న వేసుకుని, అవును, ఒకణ్ణి, అతను ఆ ఆపే మాట అనడానికి సిగ్గుపడ్డాడు, నేను కనిపెట్టలేకపోయాను, అంది. ఆ ఒక్కచోట ఆవిడ గొంతు తగ్గింది. పశ్చాత్తాపం కోసం నేను వెతికిన చోటు వేరు, ఆవిడకున్న చోటు వేరు.

తర్వాత, మైకు నడుస్తుండగానే, "మీ ఇంట్లో సంపాదన ఎవరిది?" అని అడిగింది.

"మా ఆవిడది. నర్సు."

"వార్డు సిస్టరా! ఓహో," అంది. "అయితే మొన్నటి కోపం ఎవరి మీద?"

"కుమరా," అన్నాను.

"సరే," అని ఆ క్షణమే ఆపేసి, టీ కప్పు నావైపు జరిపింది. మొహంలో వెక్కిరింపు లేదు, జాలీ లేదు. ఇంతమంది మగవాళ్ళు ఆవిడ దగ్గరికి ఎందుకు వెళ్ళారో నాకప్పుడు కొంచెం అర్థమైంది. ఆగమన్నచోట ఆగే మనిషిని నేనంతకు ముందు ఎక్కువగా చూడలేదు.

లేచేటప్పుడు ఆవిడ షరతు పెట్టింది. "నాది ఊరంతా వినడానికి ఇస్తున్నాను. నువ్వు ఒక్కరికి వినిపించు, మీ ఆవిడకి. వినిపించానని వచ్చి చెప్పు, సంతకం పెడతాను. అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది. అది కూడా నా వృత్తే." ఆ రోజు శుక్రవారం.

ఆదివారం దాకా నాన్చాను. ఆఖరికి స్కూలు కార్ పార్కులో, మా ఆవిడ ఇంజను ఆపి బైబిలు తీసుకోబోతుంటే, రెండు రోజుల రికార్డింగులూ ఎక్కించిన ఫోను, ఇయర్‌ఫోన్లు ఆమె చేతిలో పెట్టాను. "ఇది వినాలి నువ్వు. గుర్రాల సామాను కాదు. అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆమె నా మొహం చూసి ఏమీ అడక్కుండా పెట్టుకుంది. హాల్లోంచి పాటలు మొదలయ్యాయి. మనవాళ్ళు ప్లేట్లూ గిన్నెలూ పట్టుకుని కారు పక్కనుంచి వెళ్తూ చేతులూపుతున్నారు. నేను పక్కసీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒకచోట ఆమె ఫక్కున నవ్వింది. "నేల సరిగ్గా తుడిచేవాడు కాదంటండీ," అంది. ఒకచోట తలూపి, "నిజమే, పేషెంట్లలో కొందరికి అది హాయిగానే ఉంటది," అని తనలో తను అనుకుంది. కాసేపటికి నవ్వు పోయింది. నా ప్రశ్న వచ్చిందని ఆమె మొహాన్ని బట్టి తెలిసింది. ఆమె ఫోన్లో రికార్డింగును వెనక్కి జరిపి అది మళ్ళీ విన్నది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ సీటు అడుగుకు దిగిపోతే బాగుండుననుకున్నాను.

అంతా అయ్యాక ఆమె ఇయర్‌ఫోన్లు తీసి, అలవాటు కొద్దీ చీర కొంగుతో తుడిచింది.

"ఈ ప్రశ్న ఆవిడకేసింది కాదు కదండీ," అంది.

నేను కారు తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"ఆవిడ అడిగితే ఆపేశారు. ఇప్పుడు నేనడుగుతున్నా. ఎవరి మీదండీ ఆ కోపం? చెప్పలేకపోతే కుమరా అనండి, ఊరుకుంటాను."

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నీ మీదే," అన్నాను.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కింద పడలేదు. "తెలుసు," అంది. "మీరు నవ్వినప్పుడల్లా తెలుస్తానే ఉంది. మీకు తెలుసో లేదో తెలీక ఊరుకున్నా." కారు తాళం తీసుకుని, "పదండి, వాక్యం మొదలైపోద్ది," అంది. హాల్లోకి ఆమె ముందు నడిచింది, వెనక నేను. ఎప్పుడూ అలాగే నడిచేవాళ్ళం. ఆ రోజు మాత్రం ఆ నడక నాకు కనబడింది.

సోమవారం హెండర్సన్ వెళ్ళాను. వినిపించానన్నాను. "ఏమంది?" అని అడిగింది. తెలుసందని చెప్పాను. ఆవిడ దగ్గు వచ్చేదాకా నవ్వింది. మైకు పెట్టి లేదు, కాబట్టి ఆ నవ్వు ఎక్కడా లేదు. మంగళవారం తర్వాత ఆవిడ గొంతు తిరిగి రాలేదు.

ఆ సోమవారమే, సంతకం పెట్టేముందు, సారాంశం తనే చెబుతానంది. నేను రాసుకున్నాను, ఒక్క మాట దిద్దలేదు. ఇప్పటికీ ఎవరు ఆ రికార్డింగ్ అడిగినా ముందు ఆ రెండు వాక్యాలే చదువుతారు: 'ఇది నా పని గురించి నేను చెప్పింది. మధ్యలో ఒక మగవాడు సిగ్గుపడతాడు, అది కూడా ఉంచండి.'